31 నెలలు బతికిన నగరం, దాని వెనుక మిగిలిన జిల్లా

జర్మనీలో కారు నంబరు పలక చూస్తే బండి ఏ ఊరిదో, ఏ జిల్లాదో తెలిసిపోతుంది. మొదట ఉండే అక్షరాలు ఆ గుర్తుకే. పెద్ద నగరాలకు ఒక్క అక్షరం చాలు: బెర్లిన్‌కు ‘బీ’, మ్యూనిక్‌కు ‘ఎం’. హెస్సె రాష్ట్రపు పడమటి అంచున ఉన్న లాన్-డిల్ జిల్లా ఏ మహానగరమూ లేని జిల్లా. అయినా 1977 నుంచి 1990 దాకా దాని బండ్ల మీద ‘ఎల్’ అనే ఒంటి అక్షరం దర్జాగా తిరిగింది. ఆ అక్షరం లాన్ అనే నగరం తెచ్చిన వైభవం. నగరం పోయిన పదకొండేళ్ల దాకా అక్షరం పోలేదు.

లాన్ అసలు నది పేరు. ఉత్తరం నుంచి గీసెన్ దాకా వచ్చి, అక్కడ పడమటికి తిరిగి వెట్స్‌లార్‌ను ఒరుసుకుంటూ పోతుంది. డిల్ అనే చిన్న నది కొండల్లోంచి దిగి వెట్స్‌లార్ దగ్గర దానిలో కలుస్తుంది. పడమట వెస్టర్‌వాల్డ్ కొండలు, దక్షిణాన టౌనుస్. ఈ కొండల్లో ఇనుప ఖనిజం దొరికేది కనుక లోయల్లో కొలుములు, పోత కర్మాగారాలు వెలిశాయి. సోల్మ్స్ దగ్గరి ఫార్చూనా గని 1983లో మూతపడి ఇప్పుడు మ్యూజియంగా మిగిలింది.

గీసెన్‌కూ వెట్స్‌లార్‌కూ మధ్య దూరం 15 కిలోమీటర్లకు మించదు. చరిత్రలో మాత్రం ఆ రెండూ వేర్వేరు రాజ్యాల ఊళ్లు. గీసెన్ హెస్సె-డార్మ్‌స్టాట్ పాలకులది. 1607లో విశ్వవిద్యాలయం పెట్టుకుంది, రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1824 నుంచి అక్కడే పాఠాలు చెప్పాడు. వెట్స్‌లార్ నేరుగా చక్రవర్తికే లోబడిన స్వతంత్ర నగరం. పవిత్ర రోమన్ సామ్రాజ్యపు అత్యున్నత న్యాయస్థానం 1690ల నుంచి 1806 దాకా అక్కడే నడిచింది. తర్వాత జర్మన్ మహాకవి అయిన యువ గేటే 1772లో న్యాయశాస్త్ర అనుభవం కోసం వచ్చింది అక్కడికే. 1815లో ఆ ఊరు జర్మన్ రాజ్యమైన ప్రష్యా చేతికి వెళ్లింది. ప్రష్యా దాన్ని ఎక్కడో దూరాన ఉన్న రైన్ ప్రావిన్సులో కలిపేసింది. ప్రధాన భూభాగంతో అతుకు లేని ముక్కగా 1932 దాకా అలాగే ఉంది. ఇక డిల్లెన్‌బుర్గ్ వైపు ప్రాంతం నస్సావు వంశీయులది; డచ్చివారు జాతిపితగా కొలిచే ఆరెంజ్ విలియం 1533లో పుట్టింది ఆ ఊళ్లోనే.

ఇలాంటి మూడు గడ్డలను ఒకే కాగితం మీద కలపాలనుకోవడంలోనే చిక్కు ఉంది. 1970లలో పశ్చిమ జర్మనీ అంతటా చిన్న గ్రామాలనూ జిల్లాలనూ విలీనం చేసే ఊపు నడిచింది. హెస్సె ప్రభుత్వం 1974లో చట్టం చేసింది. 1977 జనవరి 1న గీసెన్, వెట్స్‌లార్, వాటి మధ్యా చుట్టూ ఉన్న 14 గ్రామాలు కలిసి లాన్ నగరమయ్యాయి. జనాభా లక్షన్నర దాటింది. ఒక విశ్వవిద్యాలయ పట్టణం, లైకా కెమెరా పుట్టిన ఒక పారిశ్రామిక పట్టణం కలిస్తే మధ్య హెస్సెకు బలమైన కేంద్రం ఏర్పడుతుందన్నది ప్రణాళికాకర్తల లెక్క. లెక్క తప్పని అనలేం. కానీ రెండు ఊళ్ల మధ్య పొలాలు అలాగే ఉన్నాయి, పోయినవి పేర్లే. ఎనిమిది శతాబ్దాల పైబడి చరిత్ర ఉన్న ఊరి వాళ్లకు మీ ఊరి పేరు ఇక నది పేరే అంటే మింగుడుపడుతుందా?

ఓటర్లు ఎక్కువ కాలం ఆగలేదు. 1977 మార్చి స్థానిక ఎన్నికల్లో ఈ విలీనం తలపెట్టిన సోషల్ డెమోక్రాట్ల పార్టీ ఎస్‌పీడీని పక్కనబెట్టి క్రైస్తవ డెమోక్రాట్ల పార్టీ సీడీయూను గెలిపించారు. 1979 జులై 31తో లాన్ నగరం రద్దయింది. గీసెన్‌కు పేరు తిరిగి వచ్చింది గానీ, విలీనానికి ముందు దానికున్న, ఏ జిల్లాకూ లోబడని నగర హోదా రాలేదు; కొత్తగా ఏర్పడిన గీసెన్ జిల్లాలో ఒక పట్టణమైంది. గ్రామాల సంగతి మరీ విచిత్రం. హాయ్‌హెల్‌హైమ్ లాంటిది మళ్లీ విడిగా నిలబడింది. డూటెన్‌హోఫెన్, గార్బెన్‌హైమ్ వంటి ఎనిమిది గ్రామాలు వెట్స్‌లార్‌లో పేటలైపోయాయి.

వెట్స్‌లార్, డిల్ లోయ ప్రాంతాలతో మిగిలిందే నేటి లాన్-డిల్ జిల్లా: 23 పురపాలికలు, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణం, రెండున్నర లక్షల జనాభా. 81 మంది సభ్యుల జిల్లా సభను ఐదేళ్లకోసారి ఎన్నుకుంటారు. జిల్లా అధిపతి లాండ్‌రాట్ పైనుంచి నియమితుడయ్యే అధికారి కాదు, ఆరేళ్లకోసారి నేరుగా ప్రజలే ఎన్నుకుంటారు. బడి భవనాలు, చెత్త, బాలల సంక్షేమం జిల్లా పనులు. యాభై వేలు దాటిన వెట్స్‌లార్‌కు ప్రత్యేక హోదా ఉంది కనుక వాటిలో కొన్ని పనులు తానే చూసుకుంటుంది.

1990లో తూర్పు, పశ్చిమ జర్మనీలు ఏకమయ్యాక ‘ఎల్’ తూర్పు వైపున్న లైప్‌జిగ్ నగరానికి వెళ్లింది. మొదటి నుంచీ ఆ నగరానికని ఉద్దేశించిన అక్షరమే అది. వెట్స్‌లార్ తన లైకాను 1925లో లోకానికి చూపించింది కూడా లైప్‌జిగ్ వసంత సంతలోనే. జిల్లా బండ్లకు ‘ఎల్‌డీకే’ వచ్చింది. 2012లో వెట్స్‌లార్ తన పాత ‘డబ్ల్యూజెడ్’ను తిరిగి తెచ్చుకుంది. ఒకప్పుడు సొంత పంచాయతీ ఉన్న డూటెన్‌హోఫెన్ వాసి కొత్త బండికీ ఇప్పుడు ఆ రెండక్షరాలే.