ఎండలో పండిన విత్తనం ఎండకు ఆగుతుందా? సోయా విత్తనం: అపోహలు - వాస్తవాలు

వానాకాలం దగ్గరపడితే చాలు, మా విత్తన పరీక్ష కేంద్రానికి వచ్చే సోయా రైతుల నోట ఇదే మాట. "సార్, మూడేండ్ల సంది ఎండలనే పండిస్తున్నం. మా విత్తనం ఎండకు అలవాటైంది." సోయాలో రైతును ఇంతగా ముంచే అపోహ ఇంకోటి లేదు.

అపోహ: ఏటేటా వేడిలో పండిస్తే విత్తనం రాటుదేలుతుంది.

వాస్తవం: రాటుదేలదు, నీరసపడుతుంది. కాయలో గింజ నిండే రోజుల్లో పగటి వేడి 35 డిగ్రీలు దాటి నిలిచిందంటే మొక్క తొందరపడి ముదిరిపోతుంది. గింజ చిన్నదై ముడతలు పడుతుంది. మొలకెత్తినా సత్తువ ఉండదు. పైగా సోయా తన పుప్పొడితో తానే ఫలించే పంట. జేఎస్ 335 లాంటి రకంలో మొక్కలన్నీ జన్యుపరంగా ఇంచుమించు ఒకటే. వేడికి ఓర్చేవి మిగిలి రకం మెరుగుపడాలంటే ముందు వాటిలో తేడాలుండాలి కదా! తల్లిమొక్క పడ్డ వేడి గింజ మీద ప్రభావం చూపుతుంది, నిజమే. సోయాలో అది మేలు కాదు, దెబ్బ.

"అయితే మా రకం చెడిపోయినట్టేనా?" అని దిగులుపడేవాళ్లూ ఉన్నారు. చెడిపోలేదు. దెబ్బ ఆ గింజకే, రకానికి కాదు. వచ్చే పంటలో గింజ చల్లని రోజుల్లో నిండితే మళ్లీ మంచి విత్తనమే వస్తుంది. అందుకే యాసంగిలో విత్తనం కోసం వేసేవాళ్లు, ఎండలు ముదిరేలోపే గింజ గట్టిపడేలా ముందుగా విత్తుకోవాలి.

అపోహ: తడిగుడ్డలో మొలిస్తే పొలంలోనూ మొలుస్తుంది.

ఆదిలాబాద్ వైపు కౌలు రైతు ఒకాయన గుడ్డలో మొలిచిన గింజలు పట్టుకొచ్చాడు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. కష్టాన్ని ఎంత తట్టుకుంటుందో చూద్దామని అదే విత్తనాన్ని తేమ నిండిన డబ్బాలో 41 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచి, తర్వాత కాగితంలో చుట్టి మొలకెత్తించాం. విప్పి చూస్తే వేర్లు పొట్టిగా, కొసలు గోధుమరంగులో ఉన్నాయి. పప్పులు జిగటగా, బూజుపట్టి ఉన్నాయి. "గుడ్డల మొలిచింది కద సార్" అంటూ అక్కడే కూర్చుండిపోయాడు. అప్పటికే దుక్కి దున్ని, అప్పుతెచ్చి ఎరువులు కొన్న మనిషి. ఆ విత్తనం వద్దని చెప్పడానికి నోరు రాలేదు, అయినా చెప్పాను. గుడ్డలో గింజకు ఏ కష్టమూ లేదు. పొలంలో పైమట్టి గట్టిపడ్డా, వాన వెనకబడ్డా తట్టుకుని పైకి రావాలి.

మిగతావి రెండు ముక్కల్లో. సోయాను సిమెంటు కళ్లం మీద మండుటెండలో ఎండబెట్టొద్దు, పైపొర పగులుతుంది. గింజలో తేమ 12 శాతం లోపుంటే చాలు. సంచులు ఎత్తునుంచి విసిరేసినా మొలక దెబ్బతింటుంది.

ఇంటి విత్తనమైతే వంద గింజల్ని మీ పొలం మట్టిలోనే 3-4 సెంటీమీటర్ల లోతున వేయండి. వారం పది రోజుల్లో పైకొచ్చిన గట్టి మొక్కల్నే లెక్కపెట్టండి. 70 కంటే తక్కువొస్తే ఆ విత్తనం మీద ఆశ పెట్టుకోకండి. ఇదంతా మే నెలలోనే చేయండి, వేరే విత్తనం వెతుక్కునే వ్యవధి ఉంటుంది.