విశాఖ నుంచి గన్నవరానికి గంట ఎందుకు?

చిట్టికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి విమానంలో వస్తున్నారని విని మీ బామ్మ అప్పుడే అరిసెల పిండి సంగతి మొదలుపెట్టింది. బుజ్జీ, ఫోన్‌లో నువ్వడిగిన లెక్క నాకు నచ్చింది. విశాఖ నుంచి బెజవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి తిన్నగా గీత గీస్తే సుమారు 290 కిలోమీటర్లు. మీరెక్కేది రెక్కలకు ఫ్యాన్లుండే ఏటీఆర్ విమానం, గంటకు 500 కిలోమీటర్ల దాకా పోతుంది. భాగిస్తే 35 నిమిషాలు. మరి టికెట్ మీద గంటకు పైగా ఎందుకు వేశారు?

టికెట్ మీద వేసేది గాల్లో ఉండే సమయం ఒక్కటే కాదు. చక్రాలకు అడ్డం పెట్టిన దిమ్మలు తీసి విమానం కదిలిందా, లెక్క మొదలైనట్టే. గన్నవరంలో ఆగి, మళ్ళీ దిమ్మలు పెట్టేదాకా అదంతా ప్రయాణమే. రన్‌వే చివరిదాకా నేల మీద మెల్లగా నడవాలి, వంతు కోసం ఆగాలి. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, ఐఎన్ఎస్ డేగా అంటారు. వాళ్ళ విమానాలూ అక్కడి నుంచే ఎగురుతాయి.

ఇక ఆ 500 వేగం ఎక్కగానే రాదు. పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు నెమ్మదే. దారి చిన్నది కాబట్టి ఎక్కడం, దిగడంలోనే సగం అయిపోతుంది. పైగా విమానం ఎగిరినా దిగినా గాలికి ఎదురుగానే. దిగేటప్పుడు గాలి వెనక నుంచి వీస్తుంటే చుట్టు తిరిగి అటు నుంచి వచ్చి దిగాలి.

చిట్టీ, నువ్వు బళ్ళో అక్షాంశాలు చదువుతున్నావుగా. ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే, ఒక్కో భాగం నేల మీద దాదాపు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. పైలట్లు దూరాన్ని ఆ లెక్కలోనే చెబుతారు. మీ ప్రయాణం వాళ్ళకు 157 మైళ్ళు, అంతే.

రోడ్డు మీద, రైలు మీద విశాఖ నుంచి బెజవాడకు దాదాపు 350 కిలోమీటర్లు. వందే భారత్‌లో దాదాపు నాలుగు గంటలు. విమానానికి గంటన్నర ముందే వెళ్ళి కూర్చోవాలి, సామాన్ల కోసం ఆగాలి, గన్నవరం నుంచి బెజవాడకు మళ్ళీ 20 కిలోమీటర్లు రావాలి. ఇల్లు దాటి ఇల్లు చేరేసరికి మీకు పెద్దగా మిగిలేదేమీ ఉండదు. నన్నడిగితే రైలే హాయి. అయినా మొదటిసారి కదా, ఎక్కండి!

ఎడమవైపు కిటికీ సీటు అడగండి. ఆ తిన్నటి గీత దాదాపు రాజమండ్రి మీదుగానే పోతుంది. అక్కడి నుంచి గోదావరి పాయలుగా చీలి సముద్రం వైపు పోవడం ఆ పక్కనే కనిపిస్తుంది. మబ్బు లేకపోతేనే సుమా.

పండగ రోజుల్లో గన్నవరంలో పొద్దున్నే మంచు దట్టంగా పడుతుంది. రన్‌వే కనిపించక విమానాలు పైనే చక్కర్లు కొడతాయి, ఒక్కోసారి వేరే ఊరికి మళ్ళుతాయి. అలా లేటైతే అమ్మను టెన్షన్ పడొద్దని చెప్పండి. ఎంతసేపైనా నేను బయటే ఉంటాను.

మీ తాతయ్య