చిగురులో ఎముక ఎలా పుట్టింది?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా అమ్మాయికి పదహారేళ్లు. పై ముందుపళ్ల సందులో చిగురు మీద చిన్న కండ పెరిగింది. నొప్పి లేదు. కోయించాక రిపోర్టులో లోపల ఎముక ఉందని రాశారు. చిగురులో ఎముకేంటండీ? క్యాన్సరా?"

క్యాన్సర్ కాదమ్మా, టెన్షన్ వద్దు. దీన్ని పెరిఫెరల్ ఆసిఫయింగ్ ఫైబ్రోమా అంటారు, అంటే లోపల ఎముక కట్టే నారగడ్డ. టీనేజీలో, ఇరవైల్లో, అందులోనూ ఆడపిల్లల్లో ఎక్కువ. సాధారణంగా 2 సెంటీమీటర్లు దాటదు.

అసలు అద్భుతం ఆ ఎముకే. బడిలో దంత సూత్రం బట్టీ పట్టిస్తాం కానీ, పన్ను దేన్ని పట్టుకుని నిలబడుతుందో చెప్పం. పంటి వేరుకీ దవడ ఎముకకీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల నారపొర ఉంటుంది. అదే పెరియోడాంటల్ లిగమెంట్. అందులో కొన్ని కణాలు ఇంకా ఏ పనిలోనూ కుదురుకోకుండా ఉంటాయి. అవసరమైతే నార అల్లుతాయి, వేరు మీద సిమెంటం అనే గట్టి పొర పూస్తాయి, ఎముకనూ కడతాయి. పళ్ల సందులో పాచి, గార పేరుకుని చిగురును రేపుతూ ఉంటే, ఈ కణాలే అదుపు లేకుండా పెరిగి గడ్డ కడతాయని పాథాలజిస్టుల్లో ఎక్కువమంది నమ్మకం. ముందు నారే ఉంటుంది. తర్వాత కొన్ని కణాలు ఎముక కట్టే పనిలోకి మారి ఆస్టియాయిడ్ అనే మెత్తటి పదార్థాన్ని వదులుతాయి. దాంట్లో కాల్షియం ఫాస్ఫేట్ చేరి గట్టిపడుతుంది. అందుకే లేత గడ్డ ఎర్రగా ఉంటుంది, ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ముదిరినదాంట్లో తెల్లటి చుక్కలు కనిపించవచ్చు.

ఎముక అనగానే పుత్తూరు కట్టు గుర్తొచ్చే ప్రాంతం మనది. కానీ ఇది విరిగింది కాదు, కొత్తగా పుట్టింది. కట్టుకో పసరుకో కరగదు. దిష్టి తగిలిందని తాయెత్తు కట్టి నెలలు గడిపేస్తుంటే నాకు బాధేస్తుంది.

కంటితో చూసి ఇది ఫలానా గడ్డ అని తేల్చలేం. గర్భిణుల్లో వచ్చే పయోజెనిక్ గ్రాన్యులోమా అనే చిగురు గడ్డ ఇలాగే ఉంటుంది, కాన్పయ్యాక చాలాసార్లు తగ్గిపోతుంది. ఊదారంగు తిరిగే జెయింట్ సెల్ గ్రాన్యులోమా ఇంకొకటి. కోసి తీసిన ముక్కలో జెయింట్ సెల్స్ అనే పెద్ద కణాలు కనిపిస్తే, ముఖ్యంగా గడ్డలు ఒకటికి మించి ఉంటే, రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ చూడాలి. ఆ హార్మోన్‌ను వదిలే పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా దవడలో అలాంటి గడ్డలే వస్తాయి. అందుకే కోసిన ముక్క ల్యాబుకు వెళ్లి తీరాలి.

వైద్యం కోతే. పైపైన కోస్తే గరిక పైన కోసినట్టే, వేరు నుంచి మళ్లీ లేస్తుంది. మత్తిచ్చి, ఎముక మీది పొర దాకా తీసి, పక్క పళ్ల లిగమెంట్‌ను గీకి, గార తీస్తారు. అయినా వందలో 8 నుంచి 20 మందికి మళ్లీ వస్తుందని నివేదికలున్నాయి. కాబట్టి పాపను కొన్నాళ్లు చెకప్‌కు తీసుకెళ్లండి. మళ్లీ వచ్చినా పన్ను పీకించాల్సిన అవసరం చాలామందికి రాదు. ఈసారి వేరు పక్కన ఇంకాస్త లోతుగా శుభ్రం చేస్తారు.