జ్వరం కాదు, ఊపిరి లెక్కపెట్టండి

పిల్లలూ,

ఊపిరితిత్తుల్లోనో, మూత్రంలోనో, కాలి పుండులోనో మొదలైన ఇన్ఫెక్షన్‌ మీదికి లేచిన రక్షణ వ్యవస్థ అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీస్తే అది సెప్సిస్. దీనికి వైద్యం ఉంది. అయినా ఇన్ని ప్రాణాలు పోవడానికి ఒక పెద్ద కారణం, అది సెప్సిస్ అని ఆలస్యంగా పోల్చుకోవడం.

అందరి చూపూ థర్మామీటరు మీదే ఉంటుంది. వయసు మీరినవాళ్లకు జ్వరమే రాకపోవచ్చు, ఒళ్లు చల్లబడనూ వచ్చు. బిళ్ల వేస్తే వేడి దిగుతుంది గానీ లోపలి జబ్బు దిగదు. బీపీ బాగుందని ధీమా పడటానికీ లేదు. గుండె వేగం పెంచుకుని కొంతసేపు దాన్ని నిలబెడుతుంది. చిన్నపిల్లల్లోనైతే చివరిదాకా నిలిచి ఒక్కసారిగా జారిపోతుంది.

చాలామందిలో ముందు మారేది ఊపిరి. లెక్కపెడుతున్నామని తెలిస్తే రోగి ఊపిరి తీరే మారిపోతుంది. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, ఛాతీ లేచి పడటాన్ని నిండు నిమిషం లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే ఒక్క ఊపిరి పొరపాటు నాలుగవుతుంది. లెక్కే పెట్టకుండా కాగితం మీద 18 అనో 20 అనో రాసేస్తుంటారు చూడండి, ఆ అలవాటు మీకు అంటకూడదు. ఇన్ఫెక్షన్ ఉన్న పెద్దవాళ్లలో నిమిషానికి 22 లేదా అంతకు మించిన ఊపిరి, పొంతన లేని మాటలు లేదా మగత, పై బీపీ 100 గానీ అంతకు తక్కువ గానీ ఉండటం, ఈ మూడింట్లో ఏ రెండు కనిపించినా ఇక ఆగకూడదు.

ఎమర్జెన్సీలో రక్తంలో లాక్టేట్ (అవయవాలకు ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగే పదార్థం) చూస్తారు. అది లీటరుకు 2 మిల్లీమోల్స్ దాటితే అనుమానం బలపడుతుంది. యాంటీబయాటిక్ పడ్డాక క్రిములు, వాటిని పెంచి పోల్చుకునే పరీక్ష అయిన కల్చర్‌లో పెరగకపోవచ్చు కాబట్టి ముందే రెండు సెట్ల రక్తం తీయాలి. అలాగని కల్చర్ కోసం మందు ఆపి కూర్చోకూడదు. షాక్ (బీపీ పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితి) ఉంటే గంటలోపు మందు పడాలని, షాక్ లేకుండా అనుమానం మాత్రమే ఉంటే త్వరగా పరీక్షించి మూడు గంటల్లోపు ఇవ్వాలని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీపీ పడిపోయినా, లాక్టేట్ బాగా పెరిగినా మొదటి మూడు గంటల్లో కిలోకు 30 మిల్లీలీటర్ల సెలైన్, అంటే 60 కిలోల మనిషికి 1,800. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఎక్కిస్తూనే ఆయాసం పెరుగుతోందేమో కనిపెట్టి ఉండాలి.

న్యూయార్క్ రాష్ట్రం 2013లో ఈ పనులకు గడువు పెట్టింది. అక్కడి రోగులపై 2017లో వెలువడిన అధ్యయనంలో, కల్చర్, లాక్టేట్, యాంటీబయాటిక్ ఈ మూడూ పూర్తికావడం ఒక్కో గంట ఆలస్యమైనకొద్దీ మరణావకాశం సుమారు 4 శాతం చొప్పున పెరిగింది. సెలైన్ ఎంత త్వరగా పూర్తయిందన్నదానికి మాత్రం అలాంటి సంబంధం కనబడలేదు.

రోగిని తీసుకెళ్లేటప్పుడు మాట ఎన్ని గంటలకు తడబడింది, చివరిసారి మూత్రం ఎప్పుడు పోశారు, జ్వరం బిళ్ల ఎప్పుడు వేశారు, ఈమధ్య ఏ యాంటీబయాటిక్ వాడారు, ఏ మందు పడదు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. “ఇది సెప్సిస్ కావచ్చా?” అని నోరు తెరిచి అడగండి.

మీ పెదనాన్న