పొదుపు నేర్చుకున్నారు, మరి వ్యాపారం?

మొగుడు తాగుడుకు బానిసైనా, మంచాన పడ్డా, పని వెతుక్కుంటూ వలస పోయినా సంసారం ఆడమనిషి మీదే పడుతుంది. అలాంటి వాళ్ల చేతికి మన రాష్ట్రాల్లో అప్పు అందింది. వ్యాపారం చేసే చదువు మాత్రం దాని వెంట రాలేదు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1982లో కేంద్రం దేశంలోని 50 జిల్లాల్లో డ్వాక్రా మొదలుపెట్టింది. పల్లెల్లో ఆడవాళ్లు జట్టు కట్టి సంపాదించుకోవాలన్నది దాని ఉద్దేశం. ఇక్కడ దానికి ఊపు తెచ్చింది నెల్లూరు జిల్లా. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబళ్లకు వెళ్లిన దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం ఊరూరా పాకి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. ఇక్కడ చదువు ముందొచ్చింది, డబ్బు తర్వాతొచ్చింది.

క్రమంగా ఈ వరస తారుమారైంది. 1992లోనే పల్లెల అభివృద్ధికి అప్పుల సంగతి చూసే జాతీయ బ్యాంకు నాబార్డు సంఘాలకు బ్యాంకు అప్పులు ఇప్పించడం మొదలుపెట్టింది. 2000లో పల్లెల్లో పేదరికం పోగొట్టడానికి ప్రభుత్వ సంస్థ సెర్ప్ ఏర్పడింది. వెలుగు, ఇందిరా క్రాంతి పథం పేర్లతో గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు నిలబడ్డాయి. తీర్మానం రాయడం, పుస్తకాలు నడపడం, వాయిదా తప్పకుండా కట్టడం అక్కలు బాగా నేర్చుకున్నారు. అది చిన్న విషయం కాదు. కానీ ఆ పాఠాల్లో ఎక్కువ భాగం అప్పు తీర్చడం గురించే.

సంఘం అప్పుతో ఆవకాయ పెట్టి అమ్మే ఆవిడను కిలో ఎంతకు పడిందని అడిగి చూడండి. కాయలు, నూనె, కారం, ఆవపిండి లెక్క టకటకా చెబుతుంది. సీసాలు, ఆటో కిరాయి, అరువు పోయి వసూలు కాని డబ్బు అందులో ఉండవు. కాయలు కడిగి, తుడిచి, ముక్కలు కొట్టిన తన కష్టం అసలే ఉండదు. ఆమె లాభం అనుకునేది చాలాసార్లు తన కూలి డబ్బే.

వ్యాపారం నేర్పితే వస్తుందని చాలా ముందే మన దగ్గరే తేలింది. 1964లో హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమలకు శిక్షణ ఇచ్చే సియెట్ సంస్థ, అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ కలిసి కాకినాడ వ్యాపారులకు శిక్షణ ఇచ్చారు. అది తీసుకున్నవాళ్లలో చాలామంది తర్వాత వ్యాపారం పెంచుకున్నారు. పొదుపు సంఘాలు పుట్టేనాటికి ఆ అనుభవానికి దాదాపు 30 ఏళ్లు. అయినా సంఘాల్లో దాన్ని వాడుకోలేదు.

దాని నష్టం 2010లో బయటపడింది. మైక్రోఫైనాన్స్ కంపెనీలు గుమ్మం ముందుకొచ్చి అప్పులిచ్చాయి, వారం వారం వసూళ్లకు దిగాయి. రాబడి పెరగకుండా వాయిదాలు పెరిగితే ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయక తప్పదు. ఆత్మహత్యల వార్తలొచ్చాక ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లకు కళ్లెం పడింది గానీ, ఆడవాళ్ల రాబడి ఎలా పెరగాలన్నది అలాగే మిగిలింది.

ఇప్పుడు బ్యాంకులు నడిపే ఆర్‌సెటీలు, అంటే పల్లె జనానికి స్వయం ఉపాధి నేర్పే శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటీ వాటికి మాదిరి. ఉచితంగా బస, భోజనం పెట్టి నేర్పుతారు, తర్వాత కూడా వెన్నంటి ఉంటారు. మంచి ఏర్పాటే. అయితే ఇల్లు నడిపే మనిషి కూలి పోగొట్టుకుని, పిల్లల్ని వదిలి వారాల తరబడి వెళ్లలేదు. అందుకే ఆ పాఠం ఆమె ఎలాగూ వచ్చే పొదుపు సంఘం మీటింగులో, ఆమె సొంత చిట్టా ముందు పెట్టుకుని చెప్పాలి.