సబ్‌స్క్రిప్షన్ పేరుతో క్రెడిట్ కార్డుకు కన్నం: అపోహలు, వాస్తవాలు

బ్యాంకులో కార్డు డిస్ప్యూట్లు, అంటే కార్డు లావాదేవీల మీద వచ్చే అభ్యంతరాలు, చూసే విభాగంలో పనిచేస్తాను. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది మొదటి మాట ఒకటే: "ఇది నేను చేయలేదండీ." కొందరి విషయంలో అది పూర్తిగా నిజం, కొందరి విషయంలో సగమే నిజం. డబ్బు తిరిగొస్తుందా రాదా అన్నది చాలావరకు ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

అపోహ: ఓటీపీ రాకుండా కార్డులో డబ్బు కట్ కాదు

మన దేశంలోని సైట్లలో కొంటే ఓటీపీ అడుగుతుంది. విదేశీ సైట్లు చాలావరకు అడగవు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాల ఉండే సీవీవీ ఉంటే వాళ్లకు చాలు. కొన్నింటికి సీవీవీ కూడా అక్కర్లేదు. కార్డు వివరాలు చేతికి చిక్కిన దొంగ ముందు ఒక డాలరో అర డాలరో లాగి చూస్తాడు. కార్డు పనిచేస్తోందని తేలాకే పెద్ద మొత్తం మీద పడతాడు. కాబట్టి అర్ధరాత్రి ఎనభై రూపాయలకు వచ్చిన మెసేజ్‌ని "ఏదోలే" అని వదిలేయకండి.

2020 జనవరిలో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం వల్ల ప్రతి కార్డుకూ అంతర్జాతీయ లావాదేవీలను మనమే ఆన్, ఆఫ్ చేసుకునే వీలుంది. విదేశీ సైట్లతో పనిలేనివాళ్లు బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఇప్పుడే ఆఫ్ చేసేయండి. అవసరమైన రోజు ఆన్ చేసుకోవడానికి నిమిషం పట్టదు.

అపోహ: ఫ్రాడ్ అని రాస్తే డబ్బు తొందరగా వచ్చేస్తుంది

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

రెజ్యూమెని పీడీఎఫ్ చేసుకుందామని ఒకాయన ఓ సైట్‌కి వెళ్లారు. ఫైల్ తయారయ్యాక, డౌన్‌లోడ్ కావాలంటే ఒక డాలర్ కట్టమంది. కట్టారు, పనైపోయింది, మర్చిపోయారు. ఆ బటన్ కింద బూడిదరంగు సన్నక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: ఏడు రోజుల తర్వాత నాలుగు వారాలకోసారి 39.95 డాలర్లు. నెలకోసారి అనుకుంటాం గానీ, నాలుగు వారాలకోసారి అంటే ఏడాదికి పదమూడు సార్లు! స్టేట్‌మెంట్‌లో సైట్ పేరు కనిపించదు. ఎప్పుడూ వినని కంపెనీ పేరు, పక్కన ఏదో విదేశీ ఊరు, కిందే ఫారిన్ కరెన్సీ మార్కప్ (విదేశీ కరెన్సీ లావాదేవీకి బ్యాంకు వేసే చార్జి) ఒక లైను, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో లైను. చూస్తే ఎవరికైనా దొంగతనమనే అనిపిస్తుంది. ఆయనా డిస్ప్యూట్ ఫారంలో "ఈ లావాదేవీ నేను చేయలేదు" దగ్గర టిక్ పెట్టి పంపారు.

ఆ సైట్ నడిపే వ్యాపారి నుంచి జవాబు వచ్చింది. డాలర్ కట్టిన తేదీ, ఈమెయిల్, ఐపీ అడ్రస్, డౌన్‌లోడ్ చేసిన ఫైల్ పేరు... అన్నీ ఆయనవే. ఇక ఫ్రాడ్ అన్న వాదన ఎక్కడ నిలబడుతుంది?

దొంగ లావాదేవీకీ, రద్దు చేసినా ఆగని సబ్‌స్క్రిప్షన్‌కీ వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్‌ల నిబంధనలు వేరు. వీసాలో మొదటిదానికి కోడ్ 10.4, రెండోదానికి 13.2. రెండో దారిలో వెళ్లాలంటే "రద్దు చేశాను, అయినా లాగాడు" అని చూపించాలి. అందుకని ముందు సైట్‌లో రద్దు చేయండి. ఆ బటన్ వెతికినా దొరకదు, కావాలనే దాచిపెడతారు. (మన కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023లో నిషేధించిన డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే కొనేవాళ్లను బురిడీ కొట్టించే సైట్ డిజైన్ ఎత్తుల్లో, సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ కూడా ఉంది.) దొరక్కపోతే "ఈ రోజు నుంచి నా కార్డు నుంచి డబ్బు తీసుకోవడానికి అనుమతి లేదు" అని ఈమెయిల్ పెట్టి, స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఆ తర్వాత పడిన ప్రతి చార్జికీ మీ కేసు గట్టిగా ఉంటుంది. అంతకుముందు పడినవాటికి సైట్‌నే రీఫండ్ అడగండి. డిస్ప్యూట్లు ఎక్కువైతే నెట్‌వర్క్‌లు జరిమానా వేస్తాయని వాళ్లకూ భయం ఉంటుంది, కాబట్టి గట్టిగా అడిగితే కొంతైనా వెనక్కి ఇచ్చేవాళ్లున్నారు.

ఏ టిక్ పెట్టాలో తేల్చుకునే ముందు ఇంకో పని: కంపెనీ పేరుతో ఈమెయిల్ ఇన్‌బాక్స్‌లో వెతకండి, ఇంట్లోవాళ్లను అడగండి. పిల్లల గేమ్, ఇంట్లోవాళ్ల పేర తీసుకున్న యాడ్-ఆన్ కార్డు... సగం టెన్షన్ అక్కడే తీరిపోవచ్చు.

అపోహ: కార్డు మార్చేస్తే పీడ వదిలిపోతుంది

నిజంగా దొంగతనమైతే క్షణం ఆలోచించకుండా బ్లాక్ చేయండి. సబ్‌స్క్రిప్షన్ అయితే మాత్రం అది గ్యారంటీ మందు కాదు. పాత కార్డు పోయి కొత్తది వస్తే ఆ వివరాలను వ్యాపారికి చేరవేసే అప్‌డేటర్ సేవలు వీసాకీ మాస్టర్‌కార్డ్‌కీ ఉన్నాయి. ఫోన్‌లోంచి యాప్ తీసేసినా సబ్‌స్క్రిప్షన్ రద్దు కాదు, ప్లే స్టోర్‌లోకి వెళ్లి విడిగా రద్దు చేయాల్సిందే.

2021 అక్టోబరు 1 నుంచి మన కార్డుల మీద ఆటోపేకి ఈ-మ్యాండేట్, అంటే మీరు ముందుగా ఆన్‌లైన్‌లో ఇచ్చే అనుమతి, ఉండాలి. మొదటిసారి ఓటీపీ, తర్వాత ప్రతి చార్జికీ కనీసం 24 గంటల ముందు మెసేజ్. బీమా, మ్యూచువల్ ఫండ్, కార్డు బిల్లుల్లాంటివి తప్పిస్తే 15,000 రూపాయలు దాటితే మళ్లీ ఓటీపీ. ఆ ముందస్తు మెసేజ్‌లోనే ఆపుకునే దారి కూడా ఉంటుంది, ఎవరూ చదవరు గానీ.

అపోహ: స్టేట్‌మెంట్ వచ్చాక చూసుకోవచ్చు

2017 జూలైలో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం తప్పు బ్యాంకుదీ మీదీ కానప్పుడు, మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లోపు చెబితే మీమీద పైసా భారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య అయితే, 5 లక్షల లోపు లిమిట్ కార్డులకు గరిష్ఠంగా 10,000, అంతకు మించితే 25,000 రూపాయల దాకా మీరే భరించాలి. ఏడు దాటితే బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసే దాకా పోయినదంతా మీదే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు లెక్క వేరు. అక్కడి చట్టం ప్రకారం అనధికార వాడకానికి మీ బాధ్యత 50 డాలర్లు మించదు. బిల్లు మీద అభ్యంతరాన్ని మాత్రం స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి.

అపోహ: డబ్బు వెనక్కి పడింది, ఇక అయిపోయినట్టే

ఫిర్యాదు చేసిన పది పనిదినాల్లోపు బ్యాంకు వేసేది తాత్కాలిక క్రెడిట్. తుది నిర్ణయానికి 90 రోజుల దాకా గడువుంది. కేసు ఓడిపోతే మళ్లీ తీసేసుకుంటుంది. ఈలోగా కోపంతో బిల్లు మొత్తం ఆపేయకండి. వివాదంలో లేని మొత్తం గడువులోపు కట్టేయండి, లేదంటే వడ్డీతో పాటు క్రెడిట్ స్కోరూ పోతుంది.

ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో తేలకపోయినా, జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లోనే రాయొచ్చు, ఫీజు లేదు. దొంగతనమైతే బ్యాంకుతో పాటు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయండి. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో మాత్రం వెతకొద్దు, రీఫండ్ ఇప్పిస్తామనే దొంగలు అక్కడే కాచుకుని ఉంటారు. నంబరు మీ కార్డు వెనకాలే ఉంది.