‘మా దగ్గరేముంటాయి మేడం, అప్పులు తప్ప’: సంఘాల్లో వినపడే అపోహలు, అసలు సంగతులు

మొన్న వీఓ (ఊళ్లోని ఆడవాళ్ల పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య) శిక్షణలో మళ్లీ అదే జరిగింది. ముప్పైమంది సభ్యులు, గోడకు చార్టు, నా చేతిలో స్కెచ్ పెన్ను. ఎవరికి ఏం వచ్చో, ఎవరు దేనికి సాయపడగలరో పేర్లతో రాసుకునే చార్టు అది. ‘డబ్బు, పొలం, బంగారం పక్కన పెట్టండి. ఇంకా మీ దగ్గర ఏముందో చెప్పండి’ అన్నాను. ముందు వరసలో ఒకక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ‘మా దగ్గరేముంటాయి మేడం, అప్పులు తప్ప’ అంది. అందరూ గొల్లున నవ్వారు. పద్నాలుగేళ్లుగా సంఘాల చుట్టూ తిరుగుతున్నాను. ఈ మాట వినని నెల లేదు.

అపోహ: నా దగ్గర పంచడానికి ఏమీ లేదు.

ఆడవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. ఇందులో మా తప్పూ ఉంది. మొదట్లో నేను ‘మీ నైపుణ్యాలు చెప్పండి’ అని అడిగేదాన్ని. ఆ మాట వినగానే కుట్టు మిషను, కంప్యూటరు, సర్టిఫికెట్టు గుర్తొచ్చి అందరూ తలలు దించుకునేవాళ్లు. చార్టు ఖాళీగానే ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఇప్పుడు ప్రశ్న మార్చాను: ‘ఈ నెలలో మీ గడప తొక్కి ఎవరొచ్చారు? ఏం అడిగారు?’

అంతే, ఇక ఆపడం నా వల్ల కాదు. బాలింతకు పాలు పడకపోతే పిలుస్తారని ఒకరు, మొగుడూ పెళ్లాల తగువు తీర్చమని వస్తారని ఇంకొకరు. గొడ్డు మేత ముట్టకపోతే ముందు తన దగ్గరికే వస్తారని మూడో ఆమె. ఎవరి ఇంట్లో ఏం జరిగినా బయట పెట్టదని కడుపులో మాట చెప్పుకునేవాళ్లు ఉన్న ఆమె కూడా ఒకరు తేలింది. అది ఎంత పెద్ద ఆస్తో ఆమెకే తెలీదు.

ఒకామె సంగతి చెప్పాలి. చార్టు దగ్గర ఆమె అన్నది, ‘నాకు తెలిసినవి కష్టాలే.’ భర్త ఆటో నడిపేవాడు, గుండెపోటుతో పోయాడు. మూడో నెలలో అతని పాస్‌బుక్కు ప్రింటు కొట్టిస్తే మే నెలలో 436 రూపాయలు కోసిన గీత కనిపించింది. కౌంటర్లో అడిగితే ‘ఏవో చార్జీలమ్మా’ అన్నారట. ఆమె వదల్లేదు. ఇంకోరోజు వెళ్లి ఇంకొకరిని అడిగింది. అది జీవనజ్యోతి బీమా ప్రీమియం. ఏడాదికి 436 కడితే, మనిషి ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు. ఖాతా తెరిచిన రోజు ఏదో కాగితం మీద సంతకం పెట్టి ఉంటాడు. ఇంట్లో చెప్పలేదు. నాలుగుసార్లు తిరిగి ఆ డబ్బు తెచ్చుకుంది.

ఆ తిరుగుడంతా ఇప్పుడు ఆమెకు కంఠతా వచ్చు. మరణం 21 రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయించాలి, దాటితే ఫీజూ అనుమతులూ అంటూ తిప్పుతారు. సర్టిఫికెట్టు కాపీలు నాలుగు ఎక్కువ తీసుకోవాలి, ప్రతి ఆఫీసువాడూ ఒరిజినలే అడుగుతాడు. పాస్‌బుక్కులో 436 గీతే కాదు, 20 రూపాయల గీత కూడా వెతకాలి. అది ప్రమాద బీమా, దానికి ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు దాచుకోవాలి. ఇవన్నీ చెప్పి ఆమె, ‘ఇదీ ఒక విద్యేనా మేడం?’ అంది.

రెండు నెలలు తిరక్కుండా అదే ఊళ్లో, ట్రాక్టరు బోల్తా పడి కొడుకు పోయినామె పాస్‌బుక్కులో ఆ 20 రూపాయల గీత పట్టుకున్నది ఈమే. అప్పటిదాకా ఆ తల్లి, బ్రోకరుకు 500 ఇచ్చి ‘ఏమీ రాదు’ అనిపించుకుని ఇంట్లో కూర్చుంది. సమాచారం వాళ్లకు రెండు వీధుల అవతలే ఉంది. ఉందని ఎవరికీ తెలీదు, ఉన్నామెకు అసలే తెలీదు.

అపోహ: చదువు రానివాళ్లు ఏం నేర్పుతారు?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా అంగడి మూయించినవాళ్లు అప్పుడప్పుడే రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్లు. మరుసటి ఏడే రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మన సీఆర్పీలు (వేరే ఊళ్లకు వెళ్లి సంఘాలు పెట్టించే మన సంఘాల ఆడవాళ్లే) బీహారు వెళ్లి సంఘాలు పెట్టించారు, వాళ్లలో ఎంతమందికి హిందీ వచ్చు? నేను ఒక రౌండుకు తోడు వెళ్లాను. మాతో వచ్చిన ఒకక్కకు సంతకం తప్ప చదువు లేదు. కొంగు మూటలోంచి చింతపిక్కలు తీసి నేల మీద పరిచింది. పది మంది ముందు ఒక్కో పిక్క పెట్టించింది, ఒక పిక్క అంటే పది రూపాయలు. పదీ మధ్యకు తోయించి, అందులోంచి ఏడు తీసి, బిడ్డకు జ్వరమని ఏడుస్తున్న అమ్మాయి ఒళ్లో పోసింది. మళ్లీ వారం అంటూ ఇంకో పది. పొదుపు, అప్పు, తిరిగి కట్టడం, మూడూ అక్కడే అయిపోయాయి. నేను కష్టపడి నేర్చుకున్న హిందీ ఉపన్యాసం సంచిలోనే ఉండిపోయింది.

అపోహ: చార్టు మీద పేర్లు రాయించుకుంటే పింఛను పోతుంది, రేషన్ కార్డు తీసేస్తారు.

ఎవరు పుట్టిస్తారో గానీ, దీనితో విసిగిపోయాను. ‘కుట్టు వచ్చని రాస్తే ఆదాయం ఉందంటారంట’ అని ఒక ఊళ్లో సగం మంది లేచిపోయారు. ఆ చార్టు వీఓ గోడ మీదే ఉంటుంది. ఏ ఆఫీసుకూ పోదు, ఏ యాప్‌లోనూ ఎక్కదు. ఆధార్ అడిగేవాళ్లు వస్తే అది నా శిక్షణ కాదు, పంపించేయండి. భయపడినవాళ్లను మాత్రం నేనేమీ అనను. ఒకసారి కార్డు పోయి ఆరునెలలు తిరిగినామెకు భయం ఊరికే రాదు.

అపోహ: చెప్పేస్తే మన విలువ పోతుంది.

మా అమ్మ ఆవకాయ కొలతలు ముప్పై ఏళ్లుగా నాకు నోటికొచ్చు. నా జాడీ ఏటా బూజు పడుతుంది. కొలతతో చేయి రాదు. అయినా పచ్చళ్లు మీ బతుకుతెరువైతే చెప్పకండి, ఎవరూ బలవంతం చేయరు.

అపోహ: డబ్బు తీసుకుంటే అది సేవ కాదు, అడిగితే కాదనకూడదు.

సీఆర్పీలకు గౌరవవేతనం ఉంది, తీసుకుంటారు, తప్పేముంది? ఆసుపత్రికి తోడు రమ్మంటే కాదనలేక నెలలో ఎనిమిది కూలి రోజులు పోగొట్టుకున్నామె మా మండలంలోనే ఉంది. చార్టు మీద ఆమె పేరు పక్కన ఇప్పుడు ‘ఆదివారం మాత్రమే, దారి ఖర్చులు ఇవ్వాలి’ అని రాశాం. రాసిన రోజు సిగ్గుపడింది. పిలవడం ఎవరూ మానలేదు.

పాస్‌బుక్కుల ఆమెను పోయిన వారం వీఓ మీటింగులో చూశాను. చుట్టూ ఐదారుగురు, ఒళ్లో పుస్తకాల దొంతర. వేలు పెట్టి ఒక్కో గీతా కిందికి దిగుతోంది. వచ్చే శిక్షణలో ఒక గంట మాట్లాడమన్నాను. తల ఎత్తకుండానే, ‘నాకేం తెలుసు మేడం’ అంది.